అన్నం తిన్నారా?

మధ్యాహ్నం రెండు కాగానే నూకరత్నం గొంతు నలభై ఇళ్ళలో ఒకేసారి మోగుతుంది. "నమస్కారమండీ, అన్నం తిన్నారా?" అని పలకరిస్తుంది. ఆ సమయానికి అసలు మనిషి కాకినాడలో ఒక పరిశోధనాలయం మూడో అంతస్తులో రక్తం గొట్టాల మీద పేర్లు అంటిస్తూ, ఒక కాలు లాగితే ఇంకో కాలి మీద బరువు మోపుతూ నిలబడి ఉంటుంది. ఫోన్లో తన గొంతు తనకన్నా హుషారుగా ఉందని రత్నానికి కాస్త ఉక్రోషం కూడా. రికార్డు చేసిన రోజున బాగా నిద్రపోయి వచ్చింది మరి. ఈ ఎనిమిది నెలల్లో అలాంటి రోజు మళ్ళీ రాలేదు.

ఆ నలభై మందీ చినకోనపాలెం వాళ్ళు. రత్నం పుట్టి పెరిగిన ఊరే అది. సముద్రం ఏటా కొంత కొంత ఆ ఊరిని కోసుకుపోతోంది. మొదట వలలు ఆరేసుకునే ఇసుక పోయింది, తర్వాత రోడ్డు పోయింది, ఆ తర్వాత ఇళ్ళు ఒక్కో వరసా పోవడం మొదలైంది. మిగిలినవాళ్ళకి కెరటం కాస్త పెద్దగా విరిగితే చాలు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. రాత్రంతా మంచాల మీద కూర్చుని తెల్లవార్చేవాళ్ళు. నిద్రమాత్రలు రాసిస్తే పగలు తూలుతూ తిరిగేవాళ్ళు.

కడుపులో దేవడం అన్న మాట దగ్గరే డాక్టర్ ఇందుశేఖర్ ఆగిపోయాడు. ఆ పరిశోధనాలయానికి పెద్ద ఆయనే. అందరూ భయాన్ని తలకాయలో వెతుకుతుంటే ఆయన పొట్టలో వెతికాడు. కడుపు ఖాళీ అయినప్పుడు పొట్ట గోడల్లో ఘ్రెలిన్ అనే హార్మోను పుట్టి, మెదడుకి వెళ్ళి ఆకలి కబురు చెబుతుంది. ఏళ్ళ తరబడి బెదిరిపోయిన మనిషిలో కడుపు నిండినా ఆ హార్మోను దిగదని, అప్పుడది భయాన్ని ఎగదోస్తుందని ఆరేళ్ళు కష్టపడి తేల్చాడు. దానికి విరుగుడుగా మెంతిగింజంత పూసని తయారుచేశాడు. నీళ్ళతో మింగితే అది పొట్ట గోడకి అతుక్కుని కూర్చుంటుంది. తిన్న తర్వాత కూడా హార్మోను పైకే ఉంటే అది భయమేనని లెక్క. అప్పుడు పూస ఒక చుక్క మందు వదిలి దాన్ని అణుస్తుంది. తినకపోతే మాత్రం అది న్యాయంగా పుట్టిన ఆకలి, దాని జోలికి పోదు.

ఇంత తెలివైన పూసకి మనిషి తిన్నాడో లేదో మాత్రం తెలీదు. అది మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఫోన్లో జవాబు రాగానే పూసకి కబురు వెళ్తుంది. మొదట్లో ఫోను "మీరు చివరిసారి ఆహారం స్వీకరించిన సమయాన్ని తెలియజేయండి" అనేది. చినకోనపాలెంలో ఎవరు తెలియజేస్తారు? కరెంటాఫీసు వాళ్ళేమో అనుకుని కట్ చేసేసేవాళ్ళు. నలభై మందిలో ఆరుగురు జవాబు చెబితే గొప్ప. అప్పుడు రత్నమే అంది, మనుషుల్ని మనుషులు అడిగినట్టు అడగాలి సార్ అని. అక్కడ రక్తాలు తీసే నర్సు ఆవిడ, ఆ ఊరి మాట తెలిసిన మనిషి. ప్రశ్న తనే మార్చి తన గొంతుతోనే చెప్పింది. మర్నాటి నుంచీ నలభైకి నలభై జవాబులు. డాక్టరుగారు నివేదికలో ఆమె పేరు రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ కాగితం నకలు ఒకటి రత్నం బీరువాలో చీరల మధ్య దాచుకుంది.

నలభై మందిలో ఒకతె మరిడమ్మ, రత్నం అక్క. తల్లి పోయాక రత్నాన్ని పెంచి, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, నర్సు చదువు చదివించింది అక్కే. పిల్లల్లేరు. మొగుడు ఎర్రయ్య వేటకెళ్తే వారం పదిరోజులు రాడు. రెండేళ్ళ క్రితం సముద్రం వాళ్ళ వంటిల్లు పట్టుకుపోయిన నాటి నుంచీ మరిడమ్మకి నిద్రన్నది లేదు. పూస మింగించడానికి ఆమె తరఫున సాక్షి సంతకం పెట్టింది రత్నమే. మింగిన నాలుగో రోజున అక్క ఫోన్ చేసి, పొద్దెక్కేదాకా పడుకున్నానే అని సిగ్గుపడుతూ చెప్పింది. ఆ రోజు ఆఫీసు బాత్రూంలో కుళాయి తిప్పుకుని రత్నం తనివితీరా ఏడ్చింది. పని బరువు పెరుగుతున్నా ఎనిమిది నెలలు నోరెత్తకుండా లాక్కొచ్చింది ఆ ఒక్క ఫోన్ కోసమే.

మూడు నెలల కిందట నలభై మందిలో చాలామంది చిక్కడం మొదలుపెట్టారు. నెలనెలా తూకంలో మూడు కిలోలు, నాలుగు కిలోలు తగ్గుతున్నారు. డాక్టరుగారు ఆ అంకెలు చూసి, దిగులు తగ్గితే అనవసరపు తిండి తగ్గుతుంది, మంచిదే కదండీ అన్నాడు. ఆయన తిరిగే చోట బరువు తగ్గడం అనేది నలుగురికీ చెప్పుకునే సంగతి. చినకోనపాలెంలో అనవసరపు తిండి ఏ ఇంట్లో ఉందో రత్నానికి తట్టలేదు. కానీ గొట్టాలున్నాయి, పేర్లున్నాయి, సాయంత్రం బస్సుంది. అనుమానం పెట్టుకోవడానికి కూడా కాస్త తీరిక ఉండాలి.

ఆ తీరిక ఒక ఆదివారం దొరికింది. రత్నం ఒంటిగంట దాటాక అక్క ఇంటికి వెళ్ళింది. మరిడమ్మ గడపలో కూర్చుని వల చిక్కులు తీస్తోంది. ఇరవై అడుగుల దూరంలో సముద్రం ఒడ్డుని కొరుకుతుంటే అటు కన్నెత్తి కూడా చూడటం లేదు. చెల్లెల్ని చూసి నవ్వింది. చేతికున్న నాలుగు మట్టిగాజులూ జారిపోకుండా వాటికి ముందు ఒక రబ్బరు బ్యాండు చుట్టుకుంది. రత్నం చూపు దాని మీద పడి మరి పైకి లేవలేదు. ఆ గాజులు ఒకప్పుడు సబ్బు రాసుకుంటే గానీ ఎక్కేవి కావు.

రెండయింది. మరిడమ్మ ఫోను మోగింది. రత్నం గొంతు హుషారుగా అన్నం తిన్నారా అని అడిగింది.

"ఆఁ, తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?" అంది మరిడమ్మ ఫోనుతో. జవాబు రాదని తెలిసి కూడా ఒక్క క్షణం ఆగి, అప్పుడు పెట్టేసింది.

రత్నం లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నె మూత తీసింది. అన్నం పొద్దున వార్చింది వార్చినట్టే ఉంది. పక్కన చట్టిలో చేపల పులుసు కూడా గరిటె పెట్టకుండానే ఉంది. తినకుండా తిన్నానని ఎందుకు చెప్పావని అడిగితే మరిడమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"అడిగినోళ్ళకి తిన్లేదని ఎవరైనా సెప్తారేటే?" అంది. "తిన్లేదంటే పెట్టమని అడిగినట్టు కాదా? ఎవరడిగినా తిన్నాననే అంటాం."

"అది మిషనక్కా. దానికి నువ్వు మొహమాటపడటమేంటి?"

"మిషనైతే ఏటి, గొంతు నీదేగా. తిన్లేదంటే నువ్వు బెంగెట్టుకోవా?" అని వలలోకి తల దించుకుంది. తర్వాత చాలా మామూలుగా, ఆకలెయ్యటం లేదే, మూడు నెలలైంది అంది.

అక్క తిన్నానంటుంది. పూస నమ్ముతుంది. తిన్న మనిషిలో హార్మోను ఇంత ఎక్కువుంటే అది భయమేనని మందు వదులుతుంది. అలా ఆకలి చచ్చిపోతుంది. ఆకలి లేదు కనక అక్క మళ్ళీ తినదు, మళ్ళీ ఫోను మోగుతుంది, మళ్ళీ తిన్నానంటుంది. పూస తప్పేం చేయలేదు, చెప్పింది చేసింది. తప్పంతా ఆ ప్రశ్నలో ఉంది, ఆ ప్రశ్న తనది. పూసకీ ప్రశ్నకీ అనుమతిచ్చిన కమిటీలో తొమ్మిది మందీ తెలుగువాళ్ళే, ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు. రోజుకి నాలుగుసార్లు తాము కూడా అలాగే జవాబు చెప్పేవాళ్ళకి ఎలా వస్తుంది?

ఆ పూట అక్కని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ముద్దలు బలవంతాన తినిపించింది. మరిడమ్మ మందు మింగినట్టు మింగింది. నువ్వూ తినవే అంటే, తినే వచ్చానక్కా అంది రత్నం. బస్సెక్కి సగం దూరం వచ్చాక గానీ ఆమెకి గుర్తు రాలేదు, పొద్దున టీ తప్ప తను ఏమీ తాగలేదని, తినలేదని. కిటికీ ఊచకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. తిట్టుకునే ఓపిక కూడా లేకపోయింది.

సోమ, మంగళవారాలు నలభై మందికీ రత్నం స్వయంగా ఫోన్ చేసింది. తిన్నారా అని అడగలేదు. "ఏం కూర వండారు?" అని అడిగింది. తిన్నవాళ్ళు టకీమని చెబుతారు. ఉప్పెక్కువైందనో, ములక్కాడ పీచుగా ఉందనో ఒక మాట కూడా కలుపుతారు. ఇరవై తొమ్మిది మంది తడుముకున్నారు. ఏదో కూరలేమ్మా అన్నారు కొందరు. ఒక ముసలాయన నిన్నటి కూర చెప్పి, నిన్నటిదేనా అని గుచ్చి అడిగితే, అది మొన్నటిదేమో తల్లీ అన్నాడు. ఎవరి గొంతులోనూ కంగారు లేదు. అందరూ హాయిగా ఉన్నారు. రత్నం ఆ ఇరవై తొమ్మిది పేర్లూ ఒక కాగితం మీద రాసుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. పాపం మంచివాడే, ఎదుటి మనిషి మాట మధ్యలో తుంచే అలవాటు లేదు. అంతా విని, ఆసక్తికరమైన విషయమేనండీ, వచ్చే నెల తూకాలు కూడా వచ్చాక కూర్చుని చూద్దాం అన్నాడు. వచ్చే నెలకి వీళ్ళలో ఎవరైనా మంచాన పడతారేమో అని ఆమె అంటే, మనం కంగారు పడితే పనులు జరగవు కదా అని చిరునవ్వు నవ్వాడు. ఒకప్పుడు ఈయనే గొట్టం మీద పేరు వంకరగా అంటిస్తే మూడుసార్లు సరిచూసేవాడు. రాత్రి తాళం వేశారో లేదోనని ఇంటికెళ్ళాక ఫోన్ చేసి వాచ్‌మన్ తల ప్రాణం తోకకి తెచ్చేవాడు.

అప్పుడు చూసింది రత్నం. ఆయన బెల్టుకి కొత్తగా మేకుతో పొడిచిన కన్నాలు మూడున్నాయి. బల్ల చివర స్టీలు క్యారేజీ, పెట్టిన క్లిప్పు పెట్టినట్టే ఉంది. ఊళ్ళో వాళ్ళకి ధైర్యం కలగాలని మొట్టమొదటి పూస అందరి ఎదుటా మింగింది ఆయనే. రోజూ రెండింటికి ఈ గదిలోనూ తన గొంతు మోగుతుంది.

"సార్, భోజనం చేశారా?" అని అడిగింది.

"ఆఁ, అయిందండీ. మీరు?" అన్నాడు ఇందుశేఖర్.

ఆమె క్యారేజీ దగ్గరికి జరిపి క్లిప్పు తీసింది. పై గిన్నెలో పెరుగన్నం, కింద గిన్నెలో అన్నం, వంకాయ కూర, అన్నీ చల్లారి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు. "నేను తినలేదన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "ఇది చూసి నాకు భయం వేయాలి కదా రత్నంగారూ? వేయడం లేదు." వేరే ఎవరి రిపోర్టో చదివినట్టు చదివాడు ఆ మాట.

రత్నం ఎదురుగా ఉన్న కుర్చీలో, కూర్చోమనకుండానే, కూలబడింది. ఈ వ్యవహారంలో భయపడగలిగిన మనిషి తనొక్కతే మిగిలింది. నలభై మంది కోసం, ఈయన కోసం, అక్క కోసం భయపడే పని కూడా తన నెత్తినే పడింది. గొట్టాలు, పేర్లు, బస్సు చాలవన్నట్టు ఇదొకటి. ఏమీ పట్టనట్టు లేచి వెళ్ళిపోవచ్చు. ప్రశ్నని చడీచప్పుడు లేకుండా మార్చేసి, ఏం కూర అని రికార్డు చేసుకోవచ్చు, బీరువాలో కాగితం అలాగే ఉంటుంది. ఆ ఆలోచన రాలేదని ఆమె తర్వాత ఎవరి దగ్గరా బుకాయించలేదు. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. అయితే ఆకలి చచ్చిన కడుపులు ప్రశ్న మార్చినంత మాత్రాన లేచి కూర్చుంటాయని ఎవరు హామీ ఇస్తారు?

అక్కడే, ఆయన బల్ల మీదే, కమిటీకి ఉత్తరం రాసింది. ప్రశ్న తను రాసిందని, దానికి జవాబు నిజం కాదని తెలిసి ఉండాల్సిన మనిషి తనేనని, పూసలన్నీ వెంటనే తీసేయాలని రాసి సంతకం పెట్టింది. ఇందుశేఖర్ కూడా కింద సంతకం పెట్టాడు. ఆరేళ్ళ కష్టం మీద గీత కొట్టే సంతకం, ఏదో సెలవు చీటీ మీద పెట్టినంత తేలిగ్గా పెట్టాడు. రత్నానికి ఆయన మీద అంతులేని జాలి కలిగింది.

కమిటీ మర్నాడే సరేనంది. పూసని కరిగించేది గులాబీరంగు సిరప్. ఒక మూతెడు తాగితే రెండు రోజుల్లో కరిగి పోతుంది. శుక్రవారం నాటికి డాక్టరుగారూ, ఊళ్ళో ముప్పైతొమ్మిది మందీ తాగారు, కొందరు గొణుక్కుంటూ, కొందరు ఏడుస్తూ. మరిడమ్మ తాగనంది. ఎర్రయ్య వేటలో ఉన్నాడు. రత్నం సీసా పట్టుకుని మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆ గడపలోనే కూర్చుంది.

"రెండేళ్ళు నేను పడుకోలేదే," అంది మరిడమ్మ. "నీకు తెల్దు. కెరటం ఇరిగినప్పుడల్లా ఒళ్ళంతా సెవులై కూకునేదాన్ని. ఇప్పుడు సచ్చినట్టు పడుకుంటన్నాను. అన్నం లేపోతే లేపోయింది, నా నిద్దర నాకుంచు."

రత్నం నర్సుగా చెప్పాల్సినవన్నీ చెప్పింది. యాభై రెండు కిలోల మనిషివి నలభై మూడుకి వచ్చావని, ఇంకో రెండు నెలలైతే గుండె తట్టుకోదని చెప్పింది. మరిడమ్మ ఊఁ కొట్టింది, పక్కింటి సంగతి విన్నట్టు. చావు మాట చెప్పినా బెదరని మనిషితో ఎలా వాదించాలి? సీసా రెండు చేతుల్లోనూ తిప్పుతూ రత్నం చివరికి లోపల ఉన్నది ఉన్నట్టు కక్కేసింది.

"నీ భయం కూడా నేనే పడుతున్నానక్కా. నువ్వు నిద్రపోతుంటే నీ బదులు అక్కడ నేను మేలుకుంటున్నాను. ఇంక నా వల్ల కావటం లేదు. నీది నువ్వు తీసేసుకో."

మరిడమ్మ వల పక్కన పెట్టింది. చెల్లెలి మొహం కేసి, కళ్ళ కింద నలుపు కేసి, చాలా రోజుల తర్వాత చూసినట్టు చూసింది. పెంచిన చెయ్యి కదా, దానికి పూసతో పనిలేదు. సీసా లాక్కుని, మూతలో పోసుకోకుండా, సీసాతోనే రెండు గుక్కలు తాగింది.

ఆదివారం పొద్దున్నే ఇందుశేఖర్ ఫోన్ చేశాడు. ఎవరికైనా ఏమైనా అయిందా, ఆ ముసలాయన ఎలా ఉన్నాడు, తూకాలు నాకెందుకు గట్టిగా చెప్పలేదు, చెప్పారు కదా, మీరు చెప్పారు, నేనే వినలేదు అని ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాడు. రాత్రంతా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడట. ఎవరికీ ఏమీ కాలేదని రత్నం నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే భుజాల మీది బరువు ఒక వీసమెత్తు తగ్గినట్టనిపించింది. భయపడటానికి ఇంకో మనిషి తోడొచ్చాడు.

ఆ మధ్యాహ్నం చినకోనపాలెం వెళ్ళేసరికి మరిడమ్మ గడపలో లేదు. లోపల గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. కెరటం విరిగిన ప్రతిసారీ ఆమె తల అటు తిరుగుతోంది. రత్నం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను చేసిందే ఇది అనుకుంది రత్నం. పూసతో చేసింది నేనే, పూస లేకుండా చేసిందీ నేనే. సముద్రం నిజంగానే ఇరవై అడుగుల్లో ఉంది.

రెండయింది. ఫోను మోగింది. గొడవలో పడి, రికార్డు ఆపించాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. రత్నం గొంతు, ఎనిమిది నెలల కిందటి హుషారుతో, నమస్కారమండీ అన్నం తిన్నారా అని అడిగింది.

మరిడమ్మ ఫోను కేసి చూసింది. ఆమె నోరు అలవాటుగా తెరుచుకుని, మధ్యలో ఆగింది.

"తిన్లేదమ్మా," అంది. "భయమేత్తంది. ఆకలేత్తంది. తిన్లేదు."

ఫోను దాని మామూలు ప్రకారం, సరేనండీ ఉంటానండీ అని పెట్టేసింది. మరిడమ్మ పక్కకి తిరిగి, ఇందాకటి నుంచీ తన చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని అప్పుడు అడిగింది, నువ్వు తిన్నావా అని.

ఆఁ తిన్నానక్కా అన్న మాట రత్నం నాలిక చివరిదాకా వచ్చేసింది. పొద్దున్న డాక్టరుగారి ఫోను, ఆ తర్వాత బస్సు. నిన్న మధ్యాహ్నం తర్వాత ఏం తిన్నదో ఆమెకే గుర్తు లేదు.

"లేదక్కా," అంది.

మరిడమ్మ గోడ పట్టుకుని లేచింది. రెండు కంచాలు తీసి కడిగింది. కెరటం విరిగినప్పుడల్లా ఆమె చేతులు ఆగిపోతున్నాయి. అది వెనక్కి పోయేదాకా ఆగి, మళ్ళీ కడుగుతోంది. రబ్బరు బ్యాండు తడిసి గాజులు మణికట్టు దాటి జారాయి. వాటిని మోచేతి దాకా తోసుకుని, గిన్నె మూత తీసి, ముందు చెల్లెలికి వడ్డించబోయి, ఏమనుకుందో ఏమో, ఆ మొదటి కంచం తన ముందు పెట్టుకుంది.